నిండా మునిగినవాడికే చలి

“నిండా మునిగినవాడికి చలేమిటి” అని మనకో సామెత ఉంది. అప్పుల్లో కూరుకుపోయినవాడి గురించో, ఎలాగూ చెడిపోయిన పని గురించో అంటుంటాం. నేనూ చాలాసార్లు అన్నాను. ఒకసారి నిజంగానే నిండా మునిగి లేచాక మాత్రం ఆ మాట నోటికి రావడం లేదు. దాన్ని పుట్టించినవాళ్లెవరో మంచి వేసవిలో, గోరువెచ్చటి చెరువులో మునిగి ఉంటారు.

ఆ రోజు సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే తర్వాత నేను చేయబోయే వాదనంతా దాని మీదే నిలబడింది. వసంతకాలం. మంచి ఎండ. గాలి 24 డిగ్రీలుంది. సరస్సు అద్దంలా ఉంది, ఎక్కడా ఒక్క అల లేదు. నలుగురం, నాలుగు కయాక్‌లు, అంటే ఒక్కరే కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవలు. నా ఒంటిమీద కాటన్ టీషర్టు, పల్చటి ట్రాక్ ప్యాంటు, పైన లైఫ్ జాకెట్. ఆ లైఫ్ జాకెట్ వేసుకున్నాను కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను. మాలో వయసులో పెద్దాయన ఒకరున్నారు, అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన ఒక్కడే మెడ నుంచి పాదాల దాకా నీళ్లు చొరని డ్రైసూట్ తొడుక్కుని, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“ఏంటన్నా, చంద్రమండలానికా?” అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. దారానికి కట్టిన చిన్న థర్మామీటర్ని నీళ్లలోకి వదిలి, కాసేపాగి పైకి తీసి చూశాడు. “తొమ్మిది” అన్నాడు. అంతే. నాకు ఆ అంకె పరీక్షలో పక్కవాడి మార్కుల్లా వినిపించింది. నాకేం సంబంధం అన్నట్టు.

ఒడ్డుకి ఓ అరవై మీటర్ల దూరంలో, వెనక వస్తున్నవాళ్లని ఫోటో తీద్దామని నడుం తిప్పాను. పడవ తిరగబడింది. ఇంత చెత్త కారణానికి బోల్తా పడినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. అయితే నీళ్లలో పడే మనుషుల్లో చాలామంది ఇలాంటి చెత్త కారణాలకే పడతారు, తుఫానుల వల్ల కాదు.

తల కిందులుగా ఉన్నాను. నడుం చుట్టూ తొడుక్కుని పడవ నోటిని మూసే స్ప్రే స్కర్టు లాగి బయటపడాలని తెలుసు, గోరువెచ్చటి స్విమ్మింగ్ పూల్‌లో ఇరవైసార్లు చేశాను. కానీ నీళ్లు మొహానికీ ఛాతీకీ తగలగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది. నేను తెరవలేదు. కింద పడబోయేవాడి చేతులు వాటంతటవే ముందుకు చాచుకుంటాయే, అలా. ఒక పెద్ద గుక్క, అదీ నీళ్ల లోపల. ఎలాగో స్కర్టు ఊడింది, పైకి తేలాను. తేలాక కూడా ఊపిరి నా చెప్పుచేతల్లో లేదు. పరిగెత్తి వచ్చిన కుక్కలా ఎగరొప్పుతున్నాను. అన్న ఏదో అరుస్తున్నాడు, వినిపిస్తోంది, అర్థం కావడం లేదు. మధ్యలో ఒక చిన్న అల వచ్చి నోట్లో పడింది, పొరమారింది.

ఒక నిమిషమో, నిమిషంన్నరో అయ్యాక ఊపిరి కాస్త దారికొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. అసలు కథ అప్పుడు మొదలైంది. అన్న నా పడవని తన పడవ మీదకి అడ్డంగా లాగి, నీళ్లు ఒంపేసి, నిటారుగా పెట్టి పట్టుకున్నాడు. నేను చేయాల్సిందల్లా కాక్‌పిట్ (కూర్చునే గుంట) వెనక ఉన్న తాడు పట్టుకుని, కాళ్లు తన్ని, పొట్ట మీదుగా పైకి పాకడం. తాడు మీద చేయి వేశాను. వేళ్లు కొంకర్లు పోయాయి. తాడు కనిపిస్తోంది, నా వేళ్లు దాని మీదే ఉన్నాయి, కానీ బిగుసుకోవడం లేదు. ఎవరిదో చేతిని కర్రతో కదుపుతున్నట్టు ఉంది. రెండుసార్లు జారిపోయాను. మూడోసారి అన్న నా జాకెట్ భుజం పట్టీ పట్టుకుని బస్తాని ఈడ్చినట్టు ఈడ్చాడు.

నీళ్లలో ఉన్నది మొత్తం ఆరేడు నిమిషాలని తర్వాత చెప్పారు. నేను ఈత బాగా వచ్చినవాణ్ణి. ఒడ్డు అరవై మీటర్లు. ఎండ ఫెళ్లున కాస్తూనే ఉంది. ఒడ్డున నా తడి బట్టలు వేరేవాళ్లు విప్పాల్సి వచ్చింది, ప్యాంటు నాడా ముడి నా వేళ్లకి లొంగలేదు.

ఇక వాదన.

చల్లటి నీళ్ల ప్రమాదం గురించి ఎవరు మాట్లాడినా వెంటనే వచ్చే మాట హైపోథెర్మియా. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే కిందకి పడిపోవడం. నా ఉద్దేశంలో ఈ ఒక్క మాట వల్లే చాలామంది తప్పు బట్టలు వేసుకుంటున్నారు. ఎందుకంటే హైపోథెర్మియా నెమ్మదిగా వస్తుంది. మంచునీళ్లలో కూడా ఆరోగ్యంగా ఉన్న ఎదిగిన మనిషి ఒంటి లోపలి వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి అరగంటో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ లెక్క విన్న బుర్ర ఏం చేస్తుంది? “నేను పడ్డా రెండు నిమిషాల్లో పడవెక్కేస్తాను కదా, అరగంట నీళ్లలో ఎందుకుంటాను” అనుకుంటుంది. లెక్క తప్పు కాదు. ప్రశ్నే తప్పు.

బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు ఫ్రాంక్ గోల్డెన్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మైక్ టిప్టన్ లాంటివాళ్లు దశాబ్దాల పాటు మనుషుల్ని చల్లటి నీళ్లలో కూర్చోబెట్టి గమనించింది ఇదే. ప్రమాదం దశలవారీగా వస్తుంది, హైపోథెర్మియా అందులో మూడో దశ. మొదటిది కోల్డ్ షాక్. చర్మం ఒక్కసారిగా చల్లబడగానే అసంకల్పితంగా గుక్క పీల్చడం, ఆగని ఎగశ్వాస, గుండె వేగం, రక్తపోటు ఎగబాకడం. ఇది మొదటి మూడు నిమిషాల్లోపు విషయం. రెండోది చేతులూ కాళ్లూ పనిచేయకపోవడం. ఒంటి నడిమి భాగాన్ని కాపాడుకోవడానికి శరీరం చేతులకీ కాళ్లకీ రక్తం తగ్గించేస్తుంది, పైగా కండరాలూ నరాలూ వాటికవే చల్లబడి మొద్దుబారతాయి. మునిగిపోయేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండు దశల్లోనే పోతారు. హైపోథెర్మియా వచ్చేదాకా బతికి ఉండాలంటే ముందు ఇవి దాటాలి. నేను ఆ ఏడు నిమిషాల్లో ఈ రెండిటినీ చూశాను. మూడో దాని గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని గుర్తుండేలా చెప్పాడు. ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు పనికొచ్చేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి 1 గంట. బాగా చల్లటి నీళ్లకి వేసిన మోటు లెక్క ఇది, మనిషిని బట్టి మారుతుంది. కానీ మూడు అంకెల్లో మొదటి రెండూ ఎంత చిన్నవో చూడండి. బట్టలు వేసుకోవాల్సింది ఆ రెండిటి కోసం. సూట్ అంటే వెచ్చదనం కోసం కప్పుకునే దుప్పటి కాదు. ఊపిరి మన చేతిలో ఉండటానికి, చేతులు మన చేతిలో ఉండటానికి తొడుక్కునే పనిముట్టు.

ఇంకో దురభిప్రాయం కూడా చెప్పాలి. మంచుముక్కలు తేలుతుంటేనే ప్రమాదం, పది పన్నెండు డిగ్రీలంటే పర్వాలేదు అనుకుంటాం. టిప్టన్ ప్రయోగాల్లో ఆ గుక్క పీల్చే స్పందన 10 నుంచి 15 డిగ్రీల నీళ్లలోనే తారస్థాయికి చేరినట్టు తేలింది. అంటే అంతకంటే చల్లటి నీళ్లలో మొదటి నిమిషం అంతకంటే ఘోరంగా ఏమీ ఉండదు, 12 డిగ్రీల్లోనే పూర్తి ఘోరం ఉంటుంది. అమెరికాలో చల్లటి నీళ్ల భద్రత మీద పనిచేసే నేషనల్ సెంటర్ ఫర్ కోల్డ్ వాటర్ సేఫ్టీ వాళ్లు 21 డిగ్రీల కంటే తక్కువున్న ఏ నీళ్లనైనా జాగ్రత్తగా చూడమంటారు. మొదటిసారి విన్నప్పుడు అతి అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

మరి ఇంత తెలిసిన విషయం అయితే మనుషులు ఎందుకు వినరు? ఇక్కడే నాకు ఒక అభిప్రాయం ఉంది. బట్టలు ఎంచుకునేది ఒడ్డున. ఎంచుకునే ఒళ్లు వెచ్చగా ఉంది. ఎండ చర్మానికి తగులుతోంది, నీళ్లు చూపుకి మాత్రమే తగులుతున్నాయి. తీర్పు చెప్పేవాడికి ఒక పక్షం వాదన మాత్రమే వినిపిస్తోందన్నమాట. “నీళ్లకి తగ్గట్టు వేసుకో, గాలికి తగ్గట్టు కాదు” అని కయాకింగ్ నేర్పేవాళ్లందరూ చెబుతారు. మాట సరైనదే. కానీ ఆ మాటని ఒళ్లు నమ్మదు. ఒంటికి నమ్మకం కలగాలంటే నీళ్లు తగలాలి. దీని సంగతి తర్వాత చెబుతాను.

అన్నట్టు, సరిగ్గా ఈ ఒడ్డు మీది పక్షపాతాన్నే లెక్కల రూపంలో పెట్టిన సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది. గాలి ఉష్ణోగ్రత, నీటి ఉష్ణోగ్రత రెండూ ఫారన్‌హీట్‌లో కలపండి, మొత్తం 120 దాటితే ప్రత్యేకమైన సూట్ అక్కర్లేదు అంటుంది. నేను బోల్తా పడ్డ రోజుకి వేసి చూశాను. గాలి 24 సెల్సియస్ అంటే 75. నీళ్లు 9 అంటే 48. మొత్తం 123. ఆ సూత్రం ప్రకారం నేను భేషుగ్గా ఉన్నాను! నీళ్లలో మునిగినవాడికి పైనున్న గాలి ఎంత వెచ్చగా ఉంటే ఏం లాభం? వేడిని మోసుకుపోయే గుణం గాలితో పోలిస్తే నీటికి దాదాపు 25 రెట్లు ఎక్కువ. పొయ్యి మీద చేయి పెట్టి, గదిలో ఏసీ ఉంది కదా, రెండూ కలిపి సగటు తీస్తే సరిపోతుంది అన్నట్టుంటుంది ఈ సూత్రం.

పైగా అది మోసం చేసేది సరిగ్గా వసంతంలోనే. గాలి వారంలో వేడెక్కుతుంది. నీటిని వేడెక్కించడానికి చాలా వేడి కావాలి కాబట్టి లోతైన సరస్సు, సముద్రం వారాల తరబడి, నెలల తరబడి వెనకబడి ఉంటాయి. పైనుంచి మంచు కరిగిన నీళ్లు వచ్చి చేరుతుంటే ఇంకా. అందరికీ పడవ తీయాలనిపించే మొదటి ఎండ రోజున నీళ్లు ఇంకా చలికాలంలోనే ఉంటాయి. శరత్కాలం మొదట్లో ఇది తిరగబడుతుంది, గాలి చల్లగా, నీళ్లు ఇంకా వేసవి వేడితో. అప్పుడేమో అందరూ మందంగా తొడుక్కొస్తారు.

“నాకు రోల్ వచ్చు” అనేవాళ్లతో నాకు ఎక్కువ తగాదా. రోల్ అంటే బోల్తా పడ్డ పడవని లోపల కూర్చునే ఉండి తెడ్డుతో, నడుంతో మళ్లీ నిటారుగా తిప్పేయడం. గొప్ప విద్యే, నేనూ నేర్చుకున్నాను. కానీ దానికి తల కిందులుగా ఉండి ఊపిరి బిగపట్టి, తెడ్డు సర్దుకుని, ఒకటి తప్పితే రెండో ప్రయత్నం చేసేంత నిదానం కావాలి. మామూలుగా నిమిషం దాకా ఊపిరి బిగపట్టగలిగే మనిషి, రక్షణ లేకుండా చల్లటి నీళ్లలో పడితే కొన్ని సెకన్లకి మించి పట్టలేడు. దానికి తోడు చల్లటి నీళ్లు చెవిలోకి పోతే లోపలి సమతౌల్య యంత్రాంగం తికమకపడి తల తిరుగుతుంది, ఏది పైనో ఏది కిందో తెలియదు. పూల్‌లో వచ్చిన రోల్ పూల్‌లోనే వచ్చినట్టు. అంటే బట్టలే రోల్‌ని కాపాడాలి. నియోప్రీన్ రబ్బరు టోపీ పెట్టుకుని, ఒళ్లు కప్పుకుని చేసే రోల్ వేరు.

కయాక్‌ని కనిపెట్టినవాళ్లకి ఈ చర్చ అర్థం కూడా అయి ఉండేది కాదు. గ్రీన్‌లాండ్ వేటగాళ్లు తుయిలిక్ అనే చొక్కా వేసుకునేవాళ్లు. సీల్ తోలుతో కుట్టినది. టోపీ ముఖం చుట్టూ బిగించి, మణికట్ల దగ్గర కట్టి, కింది అంచుని కాక్‌పిట్ గట్టు చుట్టూ తొడిగేవాళ్లు. మనిషి, చొక్కా, పడవ మూడూ కలిసి నీళ్లు చొరని ఒకే వస్తువు. దాన్ని కుట్టేది ఆడవాళ్లు. సూది తోలుని పూర్తిగా పొడుచుకుపోకుండా, మందంలో సగం దాకానే దిగి బయటికొచ్చేలా కుట్టేవాళ్లు, కుట్టు దగ్గర చిల్లు పడకూడదని. ఎప్పుడు తలుచుకున్నా ఆ కుట్టు దగ్గరే ఆగిపోతాను. సూది అర మిల్లీమీటరు ఎక్కువ దిగితే భర్త ఇంటికి రాడు. వాళ్లకి బట్టలు పడవలో భాగమే. మనం మాత్రం పడవని ఒకరోజు కొని, బట్టల సంగతి మరోరోజు చూద్దాం అంటాం.

అనుభవం కాపాడుతుంది అన్నది ఇంకో మాట. గినో వాట్కిన్స్ అనే యువ బ్రిటిష్ అన్వేషకుడు గ్రీన్‌లాండ్ వేటగాళ్ల దగ్గరే కయాక్ నడపడం, రోల్ చేయడం, కయాక్ మీంచి సీల్ వేటాడటం నేర్చుకున్నాడు. 1932 ఆగస్టు 20న తూర్పు గ్రీన్‌లాండ్‌లో ఒంటరిగా వేటకి వెళ్లాడు. ఖాళీ కయాక్ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటికి 25 ఏళ్లు. ఎనభై ఏళ్ల తర్వాత సంగతి చూడండి. ది నార్త్ ఫేస్ అనే బట్టల కంపెనీ స్థాపించిన డగ్లస్ టామ్‌కిన్స్ 2015 డిసెంబరు 8న చిలీలోని జనరల్ కారెరా సరస్సులో కయాక్ బోల్తా పడి, హైపోథెర్మియాతో చనిపోయాడు. 72 ఏళ్లు. పక్కనున్నవాళ్లు కొండలెక్కడంలో, నదులు దాటడంలో ఆరితేరినవాళ్లు. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, ఆ స్థాయి వాళ్లని తప్పుపట్టడానికి నేనెవర్ని. పెద్ద అలలు లేచాక నీళ్లు ఎవరి అనుభవాన్నీ అడగవని మాత్రం నాకు ఆ వార్త చదివినప్పుడు అర్థమైంది.

సరే, ఏం వేసుకోవాలి? దీని మీద పట్టికలు దొరుకుతాయి, నేను పట్టిక ఇవ్వను. నాకు బాగా తెలిసిన రెండు వస్తువుల గురించి చెబుతాను.

వెట్‌సూట్ అంటే ఒంటికి అతుక్కునే నియోప్రీన్ రబ్బరు సూట్. దాని గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది, “లోపలికి వచ్చిన నీళ్లు ఒంటి వేడికి వెచ్చబడి కాపాడతాయి” అని. సగమే నిజం. వెచ్చదనం నీళ్లది కాదు, నియోప్రీన్ రబ్బరు లోపల చిక్కుకున్న చిన్నచిన్న గ్యాస్ బుడగలది. 1950ల మొదట్లో హ్యూ బ్రాడ్నర్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త పట్టుకున్న కిటుకు అదే. ఒళ్లు తడిసినా పర్వాలేదు, ఒంటికీ బయటి నీటికీ మధ్య బుడగల పొర ఉంటే చాలు అని. అందుకే వెట్‌సూట్ బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే ప్రతి కదలికకీ వెచ్చటి నీళ్లు బయటికీ చల్లటివి లోపలికీ పోతుంటాయి. కయాకర్లు చేతులు తిప్పడానికి వీలుగా చేతుల్లేని మూడు మిల్లీమీటర్ల సూట్ వేసుకుంటారు, చల్లగా లేని నీళ్లకి అది మంచిదే. పది డిగ్రీల లోపు నీళ్లకి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇంకో లోపం, తడిసిన వెట్‌సూట్‌తో గాలిలో కూర్చుంటే మీదున్న నీళ్లు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతాయి. పైన గాలి చొరని జాకెట్ ఉండాలి.

డ్రైసూట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది నీళ్లని రానివ్వదు, అంతే. దానికి సొంత వెచ్చదనం లేదు. వాన కోటు ఎంత వెచ్చగా ఉంటుందో అంతే. లోపల వేసుకునే ఉన్ని, ఫ్లీస్ పొరలే అసలు మందు. ఇది తెలియక టీషర్టు మీద డ్రైసూట్ వేసుకుని ధైర్యంగా తిరిగేవాళ్లని చూశాను. లోపల కాటన్ అసలే వద్దు. చెమట పీల్చుకుని పట్టుకుంటుంది, తడి కాటన్ ఒంటికి అంటుకుని చల్లబరుస్తూనే ఉంటుంది. ఆ రోజు నా టీషర్టు చేసిన పని అదే.

మొదటిసారి డ్రైసూట్ తొడుక్కోవడం ఒక అనుభవం. మెడ దగ్గర రబ్బరు పట్టీ ఎవరో రెండు చేతులతో పీక నొక్కుతున్నట్టు ఉంటుంది. మింగుడు పడదు. అన్న నా ఎదురుగా నిలబడి “ఊపిరి ఆడుతోందా? మాట్లాడుతున్నావంటే ఆడుతున్నట్టే” అన్నాడు. ఉంగరాలు, గడియారం ముందే తీసేయాలి, పల్చటి రబ్బరు చిరిగిపోతుంది. సన్‌స్క్రీన్ నూనె తగిలితే కొన్నాళ్లకి జిగటగా మారి పాడైపోతుంది. మణికట్టు దగ్గర ఇంకో చిక్కు. తెడ్డు గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు లోపలి వైపు స్నాయువులు, అంటే కండరాల్ని ఎముకలకి కలిపే తాళ్లు, పొంగి, వాటి మధ్య సన్నటి కాలవలు పడతాయి. సరిగ్గా అక్కడినుంచి నీళ్లు ఒక్కో చుక్కా లోపలికి జారతాయి. పట్టీని ఓ అంగుళం పైకి, నున్నగా ఉన్న చోటికి జరిపితే ఆగుతుంది.

తర్వాత లోపలి గాలి తీయాలి. మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లి గొంతుక్కూర్చుంటే నీటి ఒత్తిడికి సూట్ కాళ్లకి అతుక్కుని, గాలంతా పైకి ఎగదన్నుకొస్తుంది. రెండు వేళ్లతో మెడ పట్టీని కాస్త పక్కకి లాగితే బుస్సుమని బయటికి పోతుంది. ఎక్కువ తీయకూడదు, పొరల మధ్య ఉన్న గాలే వెచ్చదనం. ఈ పని చేయకపోతే నీళ్లలో బెలూన్‌లా తేలుతూ ఈత కొట్టలేక అవస్థ పడతారు. సూట్‌లో నీళ్లు నిండితే అడుగుకి లాక్కుపోతుందని భయపడేవాళ్లున్నారు. నీళ్లలో నీళ్లకి బరువేముంది? లాక్కుపోదు. కానీ వెచ్చదనం పోతుంది, పైకెక్కేటప్పుడు మాత్రం ఆ బరువంతా మన మీదే.

చేతులకి గ్లవ్స్, లేదా తెడ్డుకే తగిలించే తొడుగులు. కాళ్లకి నియోప్రీన్ బూట్లు. తలకి టోపీ. తల నుంచే సగం వేడి పోతుందన్నది పాత అతిశయోక్తి, అయినా నెత్తి మీద చల్లటి నీళ్లు పడితే ఊపిరి ఎలా ఎగిరిపడుతుందో ఒకసారి చూసినవాళ్లకి టోపీ గురించి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అన్నిటి మీదా లైఫ్ జాకెట్, ఒంటిమీద, బిగించి. పడవలో పెట్టుకున్న జాకెట్ అలమరాలో ఉన్న జాకెట్‌తో సమానం. చేతులు గడ్డకట్టాక బకిల్ వెతుక్కోవడం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఒకే బాపతు.

ఎదుటివాళ్ల వాదనలో పస ఉన్న చోటు కూడా ఉంది. ఉడికిపోతాం అన్నది నిజమే. 24 డిగ్రీల ఎండలో రెండు పొరల మీద డ్రైసూట్ వేసుకుని గంట తెడ్డేస్తే ఒళ్లంతా చెమటే. వడదెబ్బ కూడా తగలొచ్చు. కానీ నీళ్ల మధ్యలో ఉన్నవాడికి చల్లబడటానికి దారులు చేతికందే దూరంలో ఉన్నాయి. టోపీ ముంచి నెత్తిన పెట్టుకోవచ్చు, పక్కవాడి పడవ ముక్కు పట్టుకుని భుజాల దాకా నీళ్లలోకి వంగి లేవొచ్చు, రోల్ వస్తే ఒకటి కొట్టొచ్చు. వేడికి మందు చుట్టూ ఉంది. చలికి మందు ఒంటిమీద ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఖరీదు అన్నది ఇంకా గట్టి వాదన. మంచి డ్రైసూట్ కొన్ని పడవల కంటే ఎక్కువ ఖరీదు చేస్తుంది, అందరూ కొనలేరు. అలాంటివాళ్లని నేను తప్పుపట్టను. నా దగ్గర ఉన్న సమాధానం కాస్త చేదుగా ఉంటుంది. సూట్ లేకపోతే నీళ్లు వెచ్చబడేదాకా ఆగడమే. అద్దెకి దొరికితే తీసుకోవడం. మందపాటి వెట్‌సూట్, దాని మీద గాలి చొరని జాకెట్ వేసుకుని, నడుం లోతు దాటని చోట, పక్కన మనిషితో తిరగడం. సూట్ లేని ధైర్యం మాత్రం చవక కాదు.

మరో మాట కూడా ఒప్పుకోవాలి. సూట్ వేసుకున్నవాడికి లేనిపోని తెగింపు వస్తుంది. నాకూ వచ్చింది. డ్రైసూట్ కొన్న మొదటి ఏడాది మామూలుగా అయితే దిగని గాలిలో దిగాను. ఒకసారైతే అలల్లో అరగంట తిరిగొచ్చాక చూసుకుంటే భుజం మీది జిప్పు రెండు వేళ్లంత తెరుచుకుని ఉంది. పడలేదు కాబట్టి తెలియలేదు. పడి ఉంటే ఆ రెండు వేళ్ల సందులోంచి సరస్సు మొత్తం లోపలికి వచ్చేది. ఆ రోజు నేను వేసుకున్నది సూట్ కాదు, సూట్ ఉందన్న నమ్మకం.

అందుకే అన్న చేసే పని నేనూ పట్టుకున్నాను. పడవ ఎక్కే ముందు, ప్రతిసారీ, ఒడ్డు పక్కనే మెడ లోతు దాకా నీళ్లలోకి దిగుతాను. తల కూడా ముంచుతాను. రెండు మూడు నిమిషాలు అక్కడే తేలతాను. ఊపిరి నా అదుపులో ఉందా, వేళ్లతో బకిల్ విప్పి పెట్టగలుగుతున్నానా, ఎక్కడైనా చల్లగా జారుతోందా చూసుకుంటాను. జిప్పు మర్చిపోయి ఉంటే ఇక్కడే తెలిసిపోతుంది, ఒడ్డుకి నాలుగడుగుల దూరంలో. ఒడ్డు మీది తీర్పు తప్పని ఇందాక అన్నాను కదా, దానికి నాకు తెలిసిన విరుగుడు ఇదొక్కటే. రెండో పక్షం వాదన కూడా ఒంటికి వినిపించడం. దీనికో అదనపు లాభం ఉంది. రెండు మూడు నిమిషాల చొప్పున ఐదారుసార్లు చల్లటి నీళ్లలో దిగితే కోల్డ్ షాక్ తీవ్రత సగానికి తగ్గుతుందని టిప్టన్ బృందం గమనించింది. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ పని చేయకండి. లేనివాళ్లు కూడా అలవాటైంది కదా అని సూట్ విప్పేయకండి. అలవాటు ఊపిరిని కాపాడుతుందేమో కానీ వేళ్లని కాపాడదు.

పోయిన నెల ఒక మిత్రుడు వచ్చాడు. చాలా రోజులుగా “నన్నూ తీసుకెళ్లు గురూ” అంటున్నాడు. జీన్స్, చలి కోటు, మెడకి మఫ్లర్. గాలికి సరిగ్గా సరిపోయే బట్టలు. నీళ్లు ఎనిమిది డిగ్రీలు. కారులో స్పేర్ వెట్‌సూట్, జాకెట్ ఉన్నాయి, వేసుకో అన్నాను. “ఒడ్డు పక్కనే తిరుగుతాం, ఓ పావుగంట, దానికింత టెన్షన్ ఎందుకు? నాకు ఈత రాదా?” అన్నాడు. 1-10-1 చెప్పాను. గోల్డెన్, టిప్టన్ చెప్పాను. నా కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. “నువ్వు అప్పుడు కొత్త కదా” అన్నాడు.

ఇక వాదించలేదు. “సరే, షూస్, కోటు తీసెయ్. నేను పక్కనే ఉంటాను. ఇదే జీన్స్‌తో నడుం దాకా నడిచి, రెండు నిమిషాలు నిలబడు. బయటికొచ్చాక కూడా వెళ్దామంటే, ఇలాగే వెళ్దాం” అన్నాను. అలా వెళ్లే ఉద్దేశం నాకు లేదు, అది వేరే సంగతి. నవ్వుతూ దిగాడు. పిక్కల దాకా నవ్వు ఉంది. తొడల దగ్గర ఆగాడు. ముందుకీ వెనక్కీ చూశాడు. నేను గడియారం చూస్తున్నట్టు నటించాను. ఇరవై సెకన్లయి ఉంటుందేమో.

ఒడ్డుకొచ్చి, నాతో ఏమీ అనకుండా కారు దగ్గరికి వెళ్లాడు. వెళ్లిపోతున్నాడేమో అనుకున్నాను. డిక్కీ తెరిచిన చప్పుడైంది, చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత తలుపు చాటు నుంచి గొంతు.

“గురూ, ఈ జిప్పు ముందుకి రావాలా, వెనక్కా?”